తొలి తీర్పు పండు మీద

ఒకానొక రాజ్యంలో ఒక రాజుగారు. రాజుగారికి ఒక రాణిగారు. రాణిగారికి ఒక తమ్ముడు. ఇంతవరకూ చెప్పేసరికి మీకు సగం కథ తెలిసిపోయే ఉంటుంది. రాజులు మారతారు, కోటలు కూలతాయి, ఏరు కూడా దారి మార్చుకుంటుంది. ఈ తమ్ముళ్ళు మాత్రం ఎక్కడికీ పోరు. సరే, అడిగారు కాబట్టి మిగతా సగం కూడా చెబుతాను, వినండి.

రాజ్యం పేరు మావిళ్ళకోట. ఏటి ఒడ్డున ఉంది. ఇంటి వెనక మామిడిచెట్టు లేనివాడికి పిల్లనివ్వని ఊరు. రాజుగారి పేరు ప్రతాపమార్తాండ మహారాజు. ఆ పేరుకు ముందు ఉన్న బిరుదులు చదవడానికే ఒక మనిషి జీతం తీసుకునేవాడు. అతను గొంతు సవరించుకున్నాడంటే కొలువులో ముసలివాళ్ళు స్తంభానికి ఆనుకుని ఓ కునుకు తీసి, అతను ముగించే వేళకు లేచేవారు.

ఆ కునుకు తీసేవాళ్ళలో ఒకడు దేచయ్య. రాజుగారి తండ్రి కాలం నుంచీ కొలువులో ఉన్న మనిషి. పని ఫలానా అని లేదు. రాజుగారికి కోపం వస్తే చల్లార్చాలి, విసుగొస్తే నవ్వించాలి, తప్పు చేస్తే తప్పని చెప్పకుండా తప్పని తెలియజెయ్యాలి. ఈ మూడోది చేసి చేసి ఆయన బాగా అలిసిపోయాడు.

ఇక రాణిగారి తమ్ముడు నీలాద్రిరాజు. మనిషి ఎత్తరి, మీసం దట్టం, బుర్ర మాత్రం దేవుడు తొందరలో మర్చిపోయాడు. ఆ ఏడు వానలు ముందే పడి ఏరు పోటుమీద ఉండగా ఆయన తన గుర్రంతో సహా పడవ ఎక్కాలన్నాడు. పడవవాడు పైడన్న చేతులు జోడించాడు. "బాబూ, ఏటి జోరు చూసి గుర్రం బెదురుద్ది. రేపటిదాకా ఆగండి" అన్నాడు. ఆగితే ఆయన నీలాద్రిరాజు ఎందుకవుతాడు? నడి ఏట్లో గుర్రం బెదిరింది, పడవ ఒరిగింది, గుర్రం కొట్టుకుపోయింది. కొట్టుకుపోతున్న నీలాద్రిరాజును పైడన్న జుట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు.

ఒడ్డున పడి, తాగిన నీళ్ళు కక్కి, ఊపిరి పీల్చుకోగానే నీలాద్రిరాజు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? పైడన్న మీద ఫిర్యాదు. వీడు కావాలనే నా గుర్రాన్ని ముంచాడు, తెడ్డు వేసిన ఆ రెండు చేతులూ నరికించాలి అని! చేసిన మేలుకు ఇదీ ఫలం.

పైడన్నను చెరసాలలో వేశారు. ఆ వ్యవహారం విచారించవలసినవాడు ధర్మాధికారి సోమనాథయ్య. ఆయన ముసలివాడు, ముక్కుసూటివాడు. పచ్చిక బీళ్ళ మీద పన్ను వేయడం తప్పని రాజుగారికి వ్యతిరేకంగానే తీర్పు చెప్పిన మనిషి. పైడన్న తప్పేమీ కనబడటం లేదని నలుగురిలో అన్నాడు కూడా. అది రాణిగారి చెవిన పడింది. రాణిగారి చెవిన పడ్డది రాజుగారి చెవికి చేరడానికి ఎంతసేపు?

మర్నాడు కొలువులో రాజుగారు ప్రకటించారు. "సోమనాథయ్యకు చూపు మందగించింది. ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవాలి. ఇకమీదట మన ధర్మాధికారి నీలాద్రిరాజు."

కొలువంతా నోరెళ్ళబెట్టింది. ఎవరో ధైర్యం చేసి, "ప్రభూ, పైడన్న మీద ఫిర్యాదు చేసింది ఆయనే కదా. ఆయనే తీర్పు చెబితే..." అని నసిగారు.

"మరీ మంచిది!" అన్నారు రాజుగారు. "జరిగిందేమిటో ఫిర్యాదు చేసినవాడికే కదా బాగా తెలిసేది! సాక్షుల్ని పిలిచే శ్రమ కూడా తప్పుతుంది."

దేచయ్య కళ్ళు మూసుకున్నాడు. ఈసారి కునుకు కాదు.

ఊరు భగ్గుమంది. పొద్దెక్కేసరికి కోట గుమ్మం ముందు జనం కూర్చున్నారు. అంగళ్ళు మూశారు. "ధర్మాసనానికి దొడ్డిదారి వద్దు!" అని ఒకరు, "గుర్రం పోయినవాడి తీర్పు మాకొద్దు!" అని ఇంకొకరు. అందరికంటే ముందు వరుసలో పైడన్న పెళ్ళాం నూకాలు. ఆమె అరవలేదు. కోట తలుపు వంకే చూస్తూ కూర్చుంది.

జనానికి నాయకుడు బసవరాజు. ఒకప్పుడు ఇదే కోటలో దండనాయకుడు. రాజుగారికీ ఆయనకూ చెడింది. మంచి మాటకారి. ఆయన ఉపన్యాసం మొదలెడితే జనం ఊగిపోయేవారు. కాకపోతే దండనాయకుడుగా ఉన్న రోజుల్లో ఆయన తన మేనమామను గుర్రపుశాలకు అధికారిని చేశాడని, ఆ మేనమామకు గుర్రానికీ కంచరగాడిదకూ తేడా తెలియదని ముసలివాళ్ళకు గుర్తే. అయినా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. దొరికిన నాయకుడు ఆయనొక్కడే. ఏం చేస్తాం?

రోజులు గడిచాయి. అరుపులు సాగాయి. మొదట్లో రాజుగారికి కోపమొచ్చింది, తరవాత తలనొప్పి వచ్చింది, ఆ తరవాత అలవాటైపోయింది. "అరవనీ. గొంతు వాళ్ళది" అని వీణ పాట వింటూ కూర్చునేవారు. అరిచేవాళ్ళూ అలిసిపోయారు. కాపలా భటులకూ, నినాదాలిచ్చేవాళ్ళకూ స్నేహం కుదిరి ఒకరి మజ్జిగ ఒకరు తాగడం మొదలెట్టారు. విసుగు తప్ప ఏమీ మిగలలేదు. చేతులు పోయేవాడి పెళ్ళానికి మాత్రం విసుగు రాలేదు, భయం పెరిగింది.

ఒక పొద్దున్నే ఆమె దేచయ్య ఇంటికి వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

"అయ్యగారూ, మీరు చెబితే రాజుగారు వింటారంట."

"ఎవరు చెప్పారమ్మా ఆ అబద్ధం?" అన్నాడు దేచయ్య. "నేను చెప్పినవి ఆయన విని ఉంటే నా తల ఇంత తెల్లబడేది కాదు."

"మా ఆయనకి తెడ్డు వెయ్యడం తప్ప వేరే పని రాదయ్యా. చేతులు తీసేస్తే ఆడు బతికినా చచ్చినట్టే. ఆ బాబుని బతికించిన చేతులవి." ఆమె ఏడవలేదు. "కోట ముందర కూకోమన్నారు, కూకున్నాను. అరవమన్నారు, నాకు అరవడం రాలేదు. ఇంకేటి చెయ్యమంటారో చెప్పండి, చేస్తాను."

దేచయ్య నోరు పుక్కిలించి, కండువాతో తుడుచుకుని, "ఇంకా ఎన్నిసార్లయ్యా దేవుడా" అని తనలో తను అనుకుని లేచాడు. "ఇంటికెళ్ళు తల్లీ. చూస్తాను. చేస్తానని మాత్రం అనను."

కోటకు వెళ్ళేసరికి రాజుగారు పెరటి తోటలో ఉన్నారు. కిరీటం లేదు, బిరుదులు చదివేవాడు లేడు. పంచె ఎగగట్టి, మామిడిచెట్టు మొదట్లో మట్టి సర్దుతున్నారు. ఆ చెట్టొక్కటీ ఆయన తన చేత్తో పెంచారు. తన చేత్తోనే అంటు కట్టారు, తన చేత్తోనే నీళ్ళు పోశారు. రాజ్యంలో ఆయన సొంతంగా చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

దానికి కారణముంది. మావిళ్ళకోటలో తాతల నాటి నుంచీ ఒక ఆచారం. ఏటా ఏరువాక పున్నమినాడు పండు తీర్పు జరుగుతుంది. ఎవరి చెట్టు పండు వాళ్ళు తెస్తారు. ధర్మాధికారి కళ్ళకు గంతలు కట్టుకుని అన్నీ రుచి చూసి, ఫలానాది మేలైన పండు అంటాడు. ఆ పండును ముక్కలు కోసి జనమంతా తలో ముక్కా తిని, "తీర్పు సరే" అనాలి. అప్పుడు ఆ పండుకు దాన్ని పెంచినవాళ్ళ పేరు పెడతారు. వందేళ్ళ కిందట చనిపోయిన సూరమ్మ ఎవరో ఎవరికీ తెలియదు, సూరమ్మ పండు మాత్రం ఊరందరికీ తెలుసు.

కొత్త ధర్మాధికారి వస్తే ఆ ఆచారానికి ఇంకో ముడి ఉంది. అతను ధర్మాసనం ఎక్కేముందు తొలి తీర్పు పండు మీదే చెప్పాలి. పండు మీద తప్పు చేస్తే పోయేది పండు, మనిషి మీద తప్పు చేస్తే పోయేది మనిషి అని పెద్దలు పెట్టిన నియమం.

రాజుగారికి తన పేరు ఒక పండుకు పెట్టించుకోవాలని చచ్చేంత కోరిక. యుద్ధాలు మర్చిపోతారు, శాసనాలు అరిగిపోతాయి, పండు పేరు ఉండిపోతుంది కదా! కానీ ఏటేటా సోమనాథయ్య కళ్ళకు గంతలతో ఆయన పండు నోట్లో పెట్టుకోవడం, "టెంకె దగ్గర పులుపు" అని పక్కన పెట్టెయ్యడం.

"దేచయ్యా, సమయానికి వచ్చావు!" అని రాజుగారు ఒక పండు కోసి ముక్క చేతికిచ్చారు. "తిను. తిని చెప్పు."

దేచయ్య తిన్నాడు. మరో ముక్క తీసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన ఆశ్చర్యపోయాడు. పండు బాగుంది. మామూలు బాగు కాదు. "చాలా బాగుంది ప్రభూ. ఈ ఏడు దీనికి తిరుగులేదు."

రాజుగారి ముఖం వెలిగి, వెంటనే వాడిపోయింది. "నువ్వు అలాగే అంటావులే. అందరూ అలాగే అంటారు. పోయినేడు పుల్లగా ఉన్నప్పుడూ అలాగే అన్నారు."

దేచయ్య ముక్క నమలడం ఆపాడు. ముప్పై యేళ్ళుగా తను వెతుకుతున్న తాళంచెవి ఈ పెద్దమనిషి తన చేత్తోనే ఇచ్చాడు. ఆ సంగతి ఈయనకు తెలియనే తెలియదు.

"ప్రభూ, ఒక చిన్న మనవి. పైడన్న విచారణ ఎప్పుడు?"

"రేపు."

"ఆచారం మర్చిపోయారు. తొలి తీర్పు పండు మీద. ఏరువాక పున్నమి దగ్గరలోనే ఉంది. ఆ తరవాత మనుషుల సంగతి."

"ఔను సుమా!" రాజుగారికి నిజంగానే సంతోషం కలిగింది. "ఈ ఏడు తీర్పు చెప్పేది నీలాద్రి కదూ! అయితే నా పండు పేరు ఖాయం."

"ఖాయం ప్రభూ" అన్నాడు దేచయ్య.

అక్కడి నుంచి కోట గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. బసవరాజు ఉపన్యాసం ముగించి చెమట తుడుచుకుంటున్నాడు. గొంతు బొంగురుపోయింది.

"బసవరాజుగారూ, పండు తీర్పు నాడు మీవాళ్ళు అరవకూడదు" అన్నాడు దేచయ్య.

"అదేం మాటండీ! అరవకపోతే ఇక మేమెందుకు?"

"మీ అరుపుకు కోట మీది పావురాలు కూడా లేవడం మానేశాయి. ఒక్కరోజు ఒప్పుకుని చూడండి."

"ఏం ఒప్పుకోవాలి?"

"అన్నీ. నీలాద్రిరాజుగారు ఏమంటే అది సరే అనండి. ఒక్కటే షరతు. ఆ పండు మాత్రం ఎవరూ నోట్లో పెట్టకండి."

బసవరాజుకు అర్థం కాలేదు. పక్కనే కూర్చున్న నూకాలుకు అయింది. ఆమె మొట్టమొదటిసారి తల ఎత్తి, "నేను చెబుతాను బాబూ, అందరికీ" అంది.

ఏరువాక పున్నమి వచ్చింది. కోట ముందు పందిరి వేశారు. రకరకాల పండ్లు విస్తరాకుల్లో పెట్టి వరసగా ఉంచారు. ఎవరిది ఏదో తెలియకూడదని నియమం. కాకపోతే రాజుగారి పండును ఆకులో పెట్టడానికి పరిచారకులకు చేతులు రాలేదు. భక్తి కొద్దీ దాన్ని వెండి పళ్ళెంలో పెట్టారు.

నీలాద్రిరాజు కళ్ళకు గంతలు కట్టారు. ఆయన ఠీవిగా ముందుకొచ్చి వరుస పొడుగునా చేత్తో తడిమాడు. ఆకు, ఆకు, ఆకు. వెండి! అక్కడ చెయ్యి ఆగింది. ఓ ముక్క తీసి నోట్లో పెట్టుకుని, మింగకుండానే, "ఆహా! ఇదే!" అన్నాడు. మిగతావి ముట్టుకోనైనా లేదు. పండ్లు మోసుకొచ్చిన పల్లెలవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

రాజుగారు జనం వంక చూశారు. ఇప్పుడు గోల చేస్తారు, భటులు సిద్ధంగా ఉన్నారు. గోల లేదు. జనమంతా చేతులు జోడించి నిలబడ్డారు.

"తీర్పు సరే" అన్నారు అందరూ.

రాజుగారు తెల్లబోయారు. "ఉండండుండండి. ఇంకా ముక్కలు పంచలేదు."

"ఎందుకు బాబూ శ్రమ?" అంది ముందు వరుసలో నూకాలు. "తీర్పు చెప్పేశారు కదా. తీపే."

"తిని చెప్పమ్మా!"

"తిని చెప్పినా అదే మాట, తినక చెప్పినా అదే మాట. తీపే బాబూ, తీపే."

రాజుగారు ఆగలేకపోయారు. సింహాసనం దిగి, పళ్ళెం తనే పట్టుకుని, ముక్క పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళారు. "నువ్వు తిను... నువ్వైనా తినవయ్యా..." ఎవరిని అడిగినా దండం పెట్టి, "మాకెందుకు ప్రభూ అనుమానం? తీపే" అనేవాళ్ళే. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. చిన్నపిల్లాడు మట్టితో లడ్డూ చేసి పెడితే "బాగుంది నాన్నా" అంటామే, ఆ ముఖాలు.

"తినకపోతే కొరడా!" అని గర్జించారు రాజుగారు. పాపం, ఒక ముసలాయన గబగబా ముక్క మింగి, కళ్ళు మూసుకుని, "అమృతం ప్రభూ, అమృతం!" అని వణికిపోయాడు.

"వీడు భయపడి అంటున్నాడు!" అని రాజుగారే కేకపెట్టారు.

బిరుదులు చదివేవాడు సమయం చూసుకోకుండా గొంతు సవరించాడు. బిరుదులన్నీ చదివి, "నేటి నుంచి ఈ పండు పేరు ప్రతాపమార్తాండం!" అని ప్రకటించాడు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వెనక వరుసలో ఒక చెవిటి అవ్వ పక్కావిడను గట్టిగా అడిగింది. "ఏం పండంటే?"

"బావమరిది పండంట, అత్తా!"

నవ్వు వెనక నుంచి మొదలై ముందుకొచ్చింది. భటులు కూడా పెదవులు కొరుక్కున్నారు. పొద్దు తిరిగేసరికి ఊరు ఊరంతా ఆ పేరు పాకిపోయింది. రాజుగారు పందిరి వెనక్కు వెళ్ళి, తెర దించి, నేల మీదే కూర్చుండిపోయారు. దేచయ్య వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. మోకాళ్ళు నొప్పి పుట్టి, "అబ్బా" అన్నాడు.

"దేచయ్యా, నిజం చెప్పు. నా పండు తీపా, కాదా?"

"తీపే ప్రభూ."

"మరి ఎందుకు నమ్మరు?"

"తీపని చెప్పింది ఎవరు?"

"నీలాద్రి. అయితేనేం? కళ్ళకు గంతలు కట్టాం కదా!"

"వేళ్ళకు కట్టలేదు ప్రభూ. అందరివీ ఆకుల్లో ఉన్నాయి, మీది వెండిలో ఉంది." దేచయ్య నిట్టూర్చాడు. "సరే, ఒక మాట అడుగుతాను. మీ పండు చింతకాయలా ఉంటే ఆయన ఏమనేవారు?"

రాజుగారు కాసేపు ఆలోచించారు. "తీపనే అనేవాడు."

"తేనెలా ఉంటే?"

"తీపనే."

"ఏ పండు పెట్టినా ఒకటే మాట చెప్పే నోటికి పండు పెట్టడం దేనికి ప్రభూ? మీవాడు కాబట్టి మీకు పనికొస్తాడనుకున్నారు. మీది తప్పయినప్పుడు పనికొస్తాడేమో. మీది నిజమైనప్పుడు మాత్రం దేనికీ కొరగాడు. ఇన్నేళ్ళు మీరు చెమటోడ్చి పెంచిన పండు, మీ సొంత కష్టం, ఆయన 'ఆహా' అనడంతో అబద్ధమైపోయింది."

రాజుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేరు పోయినందుకు కాదు, పండు నిజంగానే బాగుంది కాబట్టి.

"ఎవరు చెబితే నమ్ముతారు?" అని అడిగారు చివరికి.

"మీ ముఖం మీదే కాదని చెప్పినవాళ్ళెవరైనా ఉన్నారా ప్రభూ? అలాంటివాళ్ళు ఔనంటే నమ్ముతారు."

"పిలిపించు సోమనాథయ్యను."

"చూపు మందగించిందని పంపేశారు కదా?"

"కళ్ళకు గంతలు కట్టుకునేవాడికి చూపెందుకయ్యా!" అని విసుక్కున్నారు రాజుగారు. తను అన్నదేమిటో తనకే వినిపించి, తల దించుకున్నారు.

"ఇంకొక్క మాట" అన్నాడు దేచయ్య. "తొలి తీర్పు చెప్పినవాడే ధర్మాసనం ఎక్కాలి. పండుకొకరు, మనుషులకొకరు అంటే ఈ తీర్పునూ నవ్వి వదిలేస్తారు."

రాజుగారు తెర తొలగించి చూశారు. అవతల నీలాద్రిరాజు గంతలు నుదుటి మీదికి తోసుకుని మీసం దువ్వుకుంటున్నాడు. ఇవతల పళ్ళెంలో పండు. బావమరిది వంక చూశారు, పండు వంక చూశారు. రాణిగారి ముఖం కూడా ఒకసారి తలుచుకుని ఉంటారు. చివరికి పండే గెలిచింది.

సోమనాథయ్య వచ్చాడు. "పులుపుంటే పులుపనే అంటాను" అని ముందే చెప్పాడు. "అనవయ్యా, అను" అన్నారు రాజుగారు. ఈసారి ఆయన పండునూ ఆకులోనే పెట్టారు, వరుస మార్చారు. ముసలాయన గంతలు కట్టుకుని, ఒక్కొక్క పండే తింటూ, ప్రతిదానికీ నోరు పుక్కిలించుకుంటూ, ఎవరు తొందరపెట్టినా వినకుండా అన్నీ రుచి చూశాడు. రాజుగారు రెండు చేతులూ నలుపుకుంటూ నిలబడ్డారు. ఇంత భయంభయంగా ఆయన ఏనాడూ తీర్పు కోసం ఎదురుచూడలేదు. చెరసాలలో ఉన్నవాడు ఎలా ఎదురుచూస్తాడో అప్పుడేమైనా తెలిసిందో లేదో, నాకు తెలియదు.

"ఇది" అన్నాడు సోమనాథయ్య ఒక ఆకు ముట్టుకుని. "ఈ ఏడు దీన్ని మించిన పండు లేదు. టెంకె దగ్గర మాత్రం ఇంకా ఓ పిసరు పులుపుంది. పెంచినవాళ్ళెవరో, చెట్టు మొదట్లో నీళ్ళు నిలవనివ్వొద్దని చెప్పండి."

అది రాజుగారి పండు.

జనం ఒక్కసారిగా ఎగబడ్డారు. సోమనాథయ్య పులుపు సంగతి చెప్పాడు కాబట్టి తీపి సంగతి నమ్మారు. ముక్క కోసం తోసుకున్నారు. బసవరాజు కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇష్టం లేకపోయినా తల ఊపాడు. నూకాలు నెమ్మదిగా తిని, రాజుగారి వంక చూసి, "తీపే బాబూ" అంది. అదే మాట. ఈసారి రాజుగారు చిన్నపిల్లాడిలా కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు ధర్మాసనం మీద సోమనాథయ్య. కింద చేతులకు సంకెళ్ళతో పైడన్న. ఫిర్యాదుదారుగా నీలాద్రిరాజు.

"గుర్రం కొట్టుకుపోతున్నప్పుడు వీడేం చేస్తున్నాడు?" అని అడిగాడు ధర్మాధికారి.

"నన్ను పట్టుకుని ఈదుతున్నాడు."

"ఎలా పట్టుకున్నాడు?"

"ఒక చేత్తో నా జుట్టు పట్టుకుని, రెండో చేత్తో ఈదాడు. ఇప్పటికీ మాడు మంటే!"

"అంటే రెండు చేతులకూ పని ఉంది. మూడో చెయ్యి ఏదైనా గుర్రాన్ని ముంచి ఉంటే చూపించండి, దాన్ని నరికిద్దాం" అన్నాడు సోమనాథయ్య. "సంకెళ్ళు తీయండి."

రాజుగారు పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కిరీటం సర్దుకుని, "దేచయ్యా! కత్తితో కొట్టినవాళ్ళను చూశాను గాని నన్ను మామిడిపండుతో కొట్టినవాడివి నువ్వొక్కడివే" అని తన చేతి కంకణం తీసి ఆయనకు తొడిగారు. "ఇంకేం కావాలో కోరుకో."

"నాలుగు రోజులు నిద్ర, ప్రభూ."

రాజుగారు మళ్ళీ నవ్వి, తన చెట్టు నుంచి కట్టిన అంటు ఒకటి కూడా ఇప్పించారు. దేచయ్య సెలవు తీసుకుని గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచారు. "అన్నట్టు, ధనాగారం చూసే పెద్దాయన ఇక చెయ్యలేనంటున్నాడు. రాణిగారికి ఇంకో తమ్ముడున్నాడు కదా, ఆ కుర్రవాణ్ణి..."

దేచయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, వచ్చే ఏరువాక పున్నమిదాకా ఆగుదామా?"

రాజుగారు అంతకుముందు కంటే గట్టిగా నవ్వారు. ఆ నవ్వుకు అర్థం ఔననో కాదనో దేచయ్య అడగలేదు. అడిగే ఓపిక లేదు.

కోట ముందు జనం లేరు, పందిరి విప్పేస్తున్నారు. ఏటి దగ్గరికి వచ్చేసరికి పడవ సిద్ధంగా ఉంది. నూకాలు ముందు కూర్చుని ఉంది, ఒళ్ళో బుట్ట. ఒక పండు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఏం పండమ్మా?"

"బావమరిది పండు బాబూ. కోటలో అందరికీ పంచారు."

"రాజుగారి పేరు పెట్టారు కదే!"

"ఆయనగారి పేరుకి మా నోరు తిరగదు బాబూ. బజారంతా ఇదే అంటన్నారు."

దేచయ్యకు చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది. అంటుమొక్కను కాళ్ళ దగ్గర పెట్టుకుని, పండును తీరిగ్గా టెంకె దాకా తిన్నాడు. నిజమే, అక్కడ ఓ పిసరు పులుపుంది. ఆ రోజు తోటలో తిన్నప్పుడు ఆయనకది తెలియలేదు. ముసలాయన చెప్పాకే తెలిసింది. టెంకెను ఏట్లోకి విసిరి, చెయ్యి కడుక్కుని, వెనక్కి ఆనుకున్నాడు. ఏరు నెమ్మదిగా ఉంది. పైడన్న రెండు చేతులా తెడ్డు వేస్తున్నాడు. మణికట్ల దగ్గర సంకెళ్ళ వాతలు ఇంకా మానలేదు. ఆ చేతుల వంకే చూస్తూ చూస్తూ, అవతలి ఒడ్డు రాకముందే దేచయ్య నిద్రపోయాడు.